ఎండలో నల్లబడుతూ పోలరాయిడ్‌గా మారే లెన్సు విశాఖలో ఎవరికి పనికొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఎంవీపీ కాలనీలో ఉంటూ, ఉదయం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు ఉద్యోగానికి వెళ్తున్నారు. కొన్ని రోజులు స్కూటరు మీద, ఎక్కువ రోజులు కారులో. రెండు కళ్ళకూ మైనస్ 2.25 పవరు, దానితోపాటు 1.00 సిలిండరు, అంటే ఒక దిశలోనే పనిచేసే పవరు, ఉంది. పాత ఫోటోక్రోమిక్, అంటే ఎండకు నల్లబడే, అద్దాలు వేసవిలో సరిగా నల్లబడటం లేదు. సముద్రం వైపు నుంచి వచ్చే తళుకు కళ్ళకు ఇబ్బందిగా ఉంది. ఇప్పుడు ఒక దుకాణంలో, నీడలో తెల్లగా ఉండి ఎండలో నల్లబడటమే కాకుండా పోలరాయిడ్‌గా (నీటి మీది, రోడ్డు మీది తళుకును ఆపేదిగా) కూడా మారే లెన్సు ఉందని చెప్పి చాలా ఎక్కువ ధర అడిగారు. ఇది నిజమా, నిజమైతే ఈ ఒక్క జతతోనే అన్నీ తీరిపోతాయా అని అడిగారు.

నిజమే. అలాంటి లెన్సు ఉంది, దాని వెనుక అసలైన సైన్సు ఉంది, దుకాణంవారు మిమ్మల్ని మోసం చేయడం లేదు. అయితే మీ ప్రయాణంలో ఎక్కువ భాగం కారులో సాగుతోంది కాబట్టి, ఆ ఒక్క జత మీకు సరిపోదు. కారు ముందు అద్దం వెనుక అది చాలా కొద్దిగానే నల్లబడుతుంది. నల్లబడనప్పుడు దానిలో పోలరాయిడ్ గుణం కూడా ఉండదు. అదే డబ్బుతో రోజువారీ వాడకానికి ఒక మామూలు ఫోటోక్రోమిక్ జత, బండి నడపడానికి మీ పవరుతో శాశ్వత పోలరాయిడ్ జత చేయించుకోమని నా సలహా. మీరు రోజంతా ఆరుబయట తిరుగుతూ, గంటకు పదిసార్లు లోపలికీ బయటికీ వెళ్ళే మనిషి అయితే మాత్రం ఆ ఖరీదైన లెన్సే కొనుక్కోమని చెప్పేవాడిని.

నేను విశాఖలో చాలా ఏళ్ళుగా కళ్ళజోళ్ళ ఫిట్టింగు, అమ్మకం పనిలో ఉన్నాను. దానికి ముందు లెన్సులు అరగదీసి పవరు తెచ్చే ల్యాబులో పనిచేశాను. అందువల్ల ఈ లెన్సు లోపల ఏముందో కాస్త వివరంగానే చెబుతాను. అది తెలిస్తే కారులో ఎందుకు పనిచేయదో, మే నెలలో ఎందుకు మొరాయిస్తుందో మీకే అర్థమవుతుంది.

ఎండకు నల్లబడే అద్దాలు మొదట గాజుతోనే వచ్చాయి. 1960లలో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో విలియం ఆర్మిస్టెడ్, డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్తలు గాజులో సిల్వర్ హాలైడ్ సూక్ష్మ స్ఫటికాలను ఇమిడ్చారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు ఆ స్ఫటికాల్లో వెండి అణువులు విడివడి గుంపుకడతాయి, అద్దం నల్లబడుతుంది. నీడకు వస్తే అవి తిరిగి కలిసిపోతాయి. గాజు గట్టిగా బంధించి ఉంచడం వల్ల ఏదీ బయటికి పోదు కాబట్టి ఆ అద్దాలు ఏళ్ళ తరబడి పనిచేసేవి. మా పెద్దలు వాడిన బరువైన ఫోటోసన్ అద్దాలు అవే.

ప్లాస్టిక్ లెన్సుల్లో ఆ వెండి ఉపాయం పనిచేయదు. అక్కడ సేంద్రియ రంగు పదార్థాలు వాడతారు. వాటిలో ఇప్పుడు ఎక్కువగా వాడేది నాఫ్తోపైరాన్ జాతి. నీడలో ఉన్నప్పుడు ఆ అణువులోని భాగాలు ఒకే చదునులో లేకుండా మెలిపడి ఉంటాయి, అప్పుడు మనకు కనిపించే వెలుగును అది ఆపదు. అతినీలలోహిత కిరణం తగలగానే లోపలి ఒక కార్బన్, ఆక్సిజన్ బంధం తెగి, వలయం విచ్చుకుని, అణువు చదునుగా సాగుతుంది. చదునైన రూపంలో అది కనిపించే వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి లెన్సు ముదురుతుంది. ఇక తిరిగి ముడుచుకోవడానికి దానికి ముఖ్యంగా కావలసింది వేడి. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దానికి వస్తాను. ఈ పద్ధతిని ప్లాస్టిక్ లెన్సుల్లో జనంలోకి తెచ్చింది పీపీజీ, ఎసిలోర్ కంపెనీలు కలిసి 1990లో పెట్టిన ట్రాన్సిషన్స్ సంస్థ.

పోలరాయిడ్ కథ వేరు. 1929లో ఎడ్విన్ లాండ్ తొలి పోలరాయిడ్ రేకును తయారుచేశాడు. 1938 నాటికి ఇప్పుడు మనం వాడే పద్ధతికి దగ్గరగా వచ్చాడు: పాలీవినైల్ ఆల్కహాల్ అనే పల్చని ఫిల్మును వేడిచేసి ఒకే దిశలో సాగదీసి, దానికి అయోడిన్ పట్టిస్తారు. అయోడిన్ ఆ సాగిన పోగుల వెంట వరుసకడుతుంది. ఆ వరుస దిశలో కంపించే వెలుగు ఆగిపోతుంది, దానికి అడ్డంగా కంపించేది దాటిపోతుంది. కళ్ళజోడులో ఆ వరుసలను భూమికి సమాంతరంగా ఉంచుతారు. నీటి మీద, తారురోడ్డు మీద, కారు బానెట్ మీద పడి ఎగిరివచ్చే తళుకులో ఎక్కువ భాగం భూమికి సమాంతరంగానే కంపిస్తుంది కాబట్టి అదే ఆగుతుంది. ఈ ఫిల్మును రెండు పొరల మధ్య బిగించి లెన్సు చేస్తారు. దానిలోని రంగు ఎప్పుడూ అలాగే ఉంటుంది, ఎండ ఉన్నా లేకపోయినా.

ఇప్పుడు మీరు అడిగిన లెన్సు. అది ఈ రెండిటినీ ఒకే పొరలో కలిపే ప్రయత్నం. ఫోటోక్రోమిక్ అణువు విచ్చుకున్నప్పుడు పొడవుగా సాగుతుందని చెప్పాను కదా. అలా సాగిన పొడవు దిశలో కంపించే వెలుగునే అది ఎక్కువగా పీలుస్తుంది. మామూలు ఫోటోక్రోమిక్ పూతలో అణువులు తలో దిక్కుగా పడి ఉంటాయి కాబట్టి ఆ గుణం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. వాటన్నిటినీ వరి నాట్లలా ఒకే వరుసలో నిలబెట్టగలిగితే, నల్లబడిన క్షణం నుంచే లెన్సు పోలరాయిడ్‌గా కూడా పనిచేస్తుంది.

ఆ వరుస నిలబెట్టడానికే ఇన్ని పొరలు. ముందు లెన్సు మీద అతుకు నిలిచేందుకు ఒక ప్రైమరు పూస్తారు. దాని మీద దిశ చూపే పొర వేస్తారు. అది చాలా పల్చనిది, ఒకే దిశలో కంపించే అతినీలలోహిత వెలుగును దాని మీద వేస్తే ఆ పొరలోని అణువులు ఆ దిశను ‘నేర్చుకుంటాయి’. దాని మీద ద్రవ స్ఫటికాల పదార్థంలో ఫోటోక్రోమిక్ రంగు కలిపి పూస్తారు. ద్రవ స్ఫటికాలు కింది పొర చూపిన దిశకే తిరుగుతాయి, తమతోపాటు రంగు అణువులనూ తిప్పుతాయి. అప్పుడు దాన్ని గట్టిపరుస్తారు. రంగు అణువు మెలిక విప్పుకోవడానికి చోటు కావాలి కాబట్టి ఈ పొరను కొంచెం మెత్తగానే ఉంచాల్సి వస్తుంది. మెత్తని పొర మీద గీతలు పడకుండా మధ్యస్థంగా గట్టిదైన ఇంకో పొర, దాని మీద హార్డ్ కోటింగు, ఆపైన తళుకు తగ్గించే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగు, చివరగా నీరు, జిడ్డు నిలవకుండా చేసే పూత. రంగు పొర పదుల మైక్రాన్ల మందం ఉంటే, యాంటీ రిఫ్లెక్షన్‌లోని ఒక్కొక్క పొర వంద నానోమీటర్ల లెక్కలో ఉంటుంది. ఈ తరహా లెన్సును ట్రాన్సిషన్స్ 2012లో వాంటేజ్ పేరుతో తెచ్చింది. ఇప్పుడు ఎక్స్‌ట్రాయాక్టివ్ పోలరైజ్డ్ అనే పేరుతో దొరుకుతున్నది ఆ దారిలో తరువాతి మెట్టు.

దీన్నిబట్టి మీకు ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఈ లెన్సులో నలుపు, పోలరాయిడ్ గుణం రెండూ కలిసే వస్తాయి, కలిసే పోతాయి. సగం నల్లబడితే తళుకును ఆపే శక్తీ సగంలోనే ఉంటుంది. పూర్తిగా నల్లబడినా, సాగదీసిన ఫిల్ముతో చేసిన మంచి శాశ్వత పోలరాయిడ్ ఆపినంతగా ఇది తళుకును ఆపదు, ఎందుకంటే పూతలో అణువుల వరుస అంత కచ్చితంగా కుదరదు. కంపెనీలు కూడా అలా సమానమని చెప్పవు. అమ్మేవాళ్ళ నోటిలోనే ఆ తేడా కరిగిపోతుంది.

ఇప్పుడు కారు సంగతి. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరను అతికించి చేసినది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు మొత్తంగా ఆపేస్తుంది. మీ లెన్సుకు అందవలసిన ఇంధనమే అందడం లేదు. పక్క కిటికీల గాజు మామూలుగా అలా ఉండదు కాబట్టి అటునుంచి కొంత వస్తుంది. కొత్త రకం లెన్సుల్లో కనిపించే వెలుగుకు కూడా కొంత స్పందించే రంగులు కలుపుతున్నారు, వాటి వల్ల కారులో కొంచెం ముదురు రంగు వస్తుంది. ఆ కొంచెం కూడా బయట ఎండలో వచ్చే దానికి చాలా తక్కువ. తెన్నేటి పార్కు దాటాక కుడివైపు సముద్రం తెరుచుకుని, కళ్ళు చికిలించుకునే చోటే మీ లెన్సు నిద్రపోతుంటుంది. శాశ్వత పోలరాయిడ్‌కు ఈ బాధ లేదు. పైగా డ్యాష్‌బోర్డు ప్రతిబింబం ముందు అద్దం లోపలివైపు పడి అడ్డొచ్చే మసకను కూడా అది చాలావరకు తీసేస్తుంది.

కారు కోసమే ప్రత్యేకంగా చేసిన డ్రైవ్‌వేర్ అనే లెన్సు ఒకటుంది. అందులో శాశ్వత పోలరాయిడ్ ఫిల్ముతోపాటు, కనిపించే వెలుగుకు స్పందించే ఫోటోక్రోమిక్ రంగు ఉంటుంది. మబ్బుగా ఉంటే ఆకుపచ్చ కలిసిన పసుపు, కారులో ఎండగా ఉంటే రాగి రంగు, బయట ముదురు గోధుమ. మంచి ఆలోచన. అయితే అది ఎప్పుడూ తెల్లబడదు కాబట్టి రాత్రి బండి నడపడానికి పనికిరాదు, ఆఫీసులో పెట్టుకోవడానికీ బాగోదు. మన ఊళ్ళో దుకాణాల్లో అడిగితే తెప్పించి ఇవ్వాల్సిందే తప్ప నిల్వ ఉంచేవారు అరుదు.

ఇక వేడి. మీ పాత అద్దాలు వేసవిలో సరిగా నల్లబడకపోవడానికి అవి పాతబడటం ఒక కారణం అయితే, విశాఖ వేసవి రెండో కారణం. విచ్చుకున్న అణువును తిరిగి ముడిచేది వేడి అని చెప్పాను. ఒకవైపు ఎండ అణువులను విప్పుతూ ఉంటుంది, ఇంకోవైపు వేడి ముడుస్తూ ఉంటుంది. ఈ రెండిటి మధ్య తూకం ఎక్కడ నిలిస్తే లెన్సు అంత నల్లగా ఉంటుంది. అందుకే మే నెల మిట్టమధ్యాహ్నం, కళ్ళకు నీడ ఎంతో కావాల్సిన వేళ, లెన్సు అనుకున్నంత ముదరదు. అదే లెన్సు పెట్టుకుని జనవరిలో లంబసింగి వెళ్తే, పొగమంచు విడిచి ఎండ వచ్చాక బొగ్గులా అయిపోతుంది, లోపలికి వచ్చినా చాలాసేపటికి గానీ తెల్లబడదు. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ లెన్సులను 23 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, వేడి ప్రభావం చూడటానికి 5 డిగ్రీల దగ్గర, 35 డిగ్రీల దగ్గర కూడా చూస్తారు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసేది సాధారణంగా 23 డిగ్రీల అంకె. మనకు కావాల్సింది 35 డిగ్రీల అంకె. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: 35 డిగ్రీల దగ్గర ఎంత శాతం వెలుగును వదులుతుంది? చెప్పగలిగితే కొనండి. కౌంటరు మీద ఏసీ గాలిలో, నోట్లు చూసే అతినీలలోహిత దీపం కింద పెట్టి చూపించే నలుపు మాత్రం ఆ ఏసీ గదికే పరిమితం.

దీనికి తోడు వానాకాలంలో ఇంకో చిక్కు. మబ్బుల్లోంచి కూడా అతినీలలోహిత కిరణాలు బాగానే దిగుతాయి. ఆకాశం బూడిద రంగులో ఉండి, వెలుగు తక్కువగా ఉన్నా లెన్సు నల్లబడుతుంది. జులైలో నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే: ‘ఎండ లేదు, అయినా చీకటిగా ఉంది’. అది లెన్సు తప్పు కాదు, దాని స్వభావం.

సముద్రపు తళుకు గురించి మీరు రాసిన వాక్యం నాకు ఆసక్తిగా అనిపించింది. ఉదయం ఆరున్నరకు బయలుదేరినప్పుడు పోలరాయిడ్ పెట్టుకున్న మీ స్నేహితుడికి కూడా ఏమీ తేడా తెలియలేదని, ఎనిమిదిన్నరకు వెళ్ళిన రోజున మాత్రం సముద్రం ఒక్కసారిగా నీలంగా, శాంతంగా కనిపించిందని అన్నారు. ఆయన కళ్ళు సరిగ్గానే చెప్పాయి. నీటి మీద పడి తిరిగి వచ్చే వెలుగు అన్ని కోణాల్లోనూ ఒకేలా ధ్రువణం చెందదు, అంటే ఒకే దిశలో కంపించేలా మారదు. 1808లో మాలూస్ ఈ ధ్రువణాన్ని గమనించాడు, 1815లో బ్రూస్టర్ దాని కోణానికి నియమం చెప్పాడు. నీటికి ఆ కోణం నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీలు, అంటే సూర్యుడు దిగ్మండలానికి సుమారు 37 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు. ఆ వేళ తిరిగివచ్చే తళుకు దాదాపు పూర్తిగా భూమికి సమాంతరంగా కంపిస్తుంది, పోలరాయిడ్ దాన్ని దాదాపు తుడిచేస్తుంది. విశాఖలో సూర్యుడు ఆ ఎత్తుకు మే నెలలో ఎనిమిది దాటగానే, మార్చిలో తొమ్మిదికి కొంచెం ముందు, డిసెంబరులో తొమ్మిదిన్నర ప్రాంతంలో చేరతాడు. అలలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఆ ముందూ వెనుకా కూడా చాలాసేపు మంచి ప్రయోజనం ఉంటుంది. కానీ అప్పుడే పైకి వచ్చిన సూర్యుడి వెలుగు నీటిని దాదాపు రాసుకుంటూ వచ్చినప్పుడు దానిలో ధ్రువణం చాలా తక్కువ. సూర్యోదయపు తళుకుకు పోలరాయిడ్ మందు కాదు. దానికి నలుపే కావాలి, లేదా టోపీ అంచు కావాలి. ఆరున్నరకే బయలుదేరేవారు పోలరాయిడ్ కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకైతే వృథాగా కనిపిస్తుంది.

మీ సిలిండరు పవరు గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే పనితనం బయటపడేది ఇక్కడే. మామూలు లెన్సును ఫ్రేములో బిగించేటప్పుడు సిలిండరు ఆక్సిస్ (ఆ పవరు ఏ దిశలో ఉండాలో చెప్పే కోణం) ఒక్కటి సరిచూసుకుంటే చాలు. పోలరాయిడ్ లెన్సులో రెండు దిశలు ఉంటాయి. ఒకటి పోలరాయిడ్ దిశ, అది పచ్చి లెన్సులోనే నిర్ణయమై వస్తుంది, దాని అంచున చిన్న గీతలు గానీ గుంటలు గానీ గుర్తుగా పెడతారు. రెండోది మీ సిలిండరు ఆక్సిస్, దాన్ని ల్యాబులో ఆ గుర్తును ఆధారంగా చేసుకుని అరగదీస్తారు. ల్యాబులో ఒకసారి కుదిరాక, ఫిట్టింగు చేసేవాడు మళ్ళీ తిప్పి సరిచేయడానికి వీలుండదు: పోలరాయిడ్ దిశను సరిచేస్తే సిలిండరు తప్పుతుంది, సిలిండరు సరిచేస్తే పోలరాయిడ్ తప్పుతుంది. మీరు అడిగిన పొరల లెన్సుకూ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే దాని దిశ కూడా పూతలోనే స్థిరపడి ఉంటుంది.

ఈ రెండిట్లో ఏది తప్పితే ఎక్కువ నష్టం? పోలరాయిడ్ దిశ 10 డిగ్రీలు పక్కకు పోతే, ఆగవలసిన తళుకులో మూడు శాతం మాత్రమే దాటివస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. 20 డిగ్రీలు పోతే పన్నెండు శాతానికి దగ్గరగా వస్తుంది, అది తెలుస్తుంది. అదే మీ 1.00 సిలిండరు ఆక్సిస్ 10 డిగ్రీలు తప్పితే సుమారు 0.35 పవరు తేడా మిగిలిపోతుంది, సాయంత్రానికి తల బరువెక్కుతుంది. అందువల్ల గుండ్రటి ఫ్రేము తీసుకోవద్దు. గుండ్రటి ఫ్రేములో స్క్రూ కాస్త వదులైతే లెన్సు తనంతట తాను తిరుగుతుంది, తిరిగిందని మీకు ఎవరూ చెప్పరు. మూలలున్న ఫ్రేములో ఆ ప్రమాదం లేదు. రిమ్‌లెస్ కూడా వద్దు, పొరలున్న లెన్సుకు రంధ్రం వేస్తే ఆ రంధ్రం దగ్గరే పొర లేవడం మొదలవుతుంది. మన గాలిలో ఉప్పు, తేమ దానికి తోడవుతాయి.

అలా లేచిన లెన్సు ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మరిచిపోరు. ఫిషింగ్ హార్బరు దగ్గర పడవ యజమాని ఒకాయన చవకరకం పోలరాయిడ్ జోడు తెచ్చి చూపించారు. అంచు నుంచి లోపలికి గోరంత మేర, నూనె చుక్క నీటిలో పరుచుకున్నట్టు రంగురంగుల మరక. గోటితో నొక్కితే మరక కదిలింది. ఉప్పునీరు అంచులోంచి ఎక్కి ఫిల్ము వదులైంది. దాన్ని బాగుచేయడం కుదరదు. ఆయనకు నేను ఇచ్చింది శాశ్వత పోలరాయిడే, కానీ అంచు పూర్తిగా ఫ్రేములో మునిగేలా, పాలిష్ చేసి బిగించినది. పడవ మీద రోజంతా ఆరుబయటే ఉంటారు, నీటిలోకి చూడటమే పని, లోపలికి వెళ్ళే ప్రసక్తి లేదు. అలాంటివారికి తెల్లబడే లెన్సు అవసరమే లేదు.

దానికి పూర్తిగా భిన్నమైన అవసరం పోర్టులో క్రేను నడిపే ఒక యువకుడిది. క్యాబిన్‌లో బరువు చూపించే ఎల్‌సీడీ తెర ఉంది. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు దానంతట అదే ధ్రువణం చెంది ఉంటుంది. పోలరాయిడ్ జోడుతో చూస్తే, తెర దిశను బట్టి అంకెలు మసకబారతాయి, కొన్ని తెరలు పూర్తిగా నల్లబడిపోతాయి. ఆయన మెడ పక్కకు వంచి అంకెలు చదువుకుంటున్నారు! పైన బరువు వేలాడుతుంటే అది చేయదగిన పని కాదు. ఆయనకు పోలరాయిడ్ లేని, గోధుమరంగు వేసిన మామూలు లెన్సు ఇచ్చాను. మీ కారులో తెర ఉంటే, కొనేముందు దుకాణంలోని పోలరాయిడ్ నమూనాను పెట్టుకుని ఆ తెరను ఒకసారి చూడండి. పొరల లెన్సుతో ఇదే సమస్య వేరే రూపంలో వస్తుంది: ఎండలోంచి ఏటీఎంలోకి అడుగుపెట్టగానే తెర మసకగా కనిపిస్తుంది, లెన్సు తెల్లబడేకొద్దీ తెర వెలుగులోకి వస్తుంది. ఆ కొద్ది నిమిషాలు చాలామందిని కంగారు పెడతాయి.

మరి ఆ పొరల లెన్సు ఎవరికి ఇస్తాను? సర్వే పనిమీద సైట్లు తిరిగే ఇంజనీర్లకు, బడి ఆవరణలో తరగతి గదికీ మైదానానికీ మధ్య తిరిగే వ్యాయామ ఉపాధ్యాయులకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆర్కే బీచ్‌లో నడిచే పెద్దవారికి. శుక్లం ఆపరేషను అయ్యాక వెలుగు భరించలేక ఇబ్బందిపడుతూ, రెండు జోళ్ళు మార్చుకోలేనివారికి కూడా. వీళ్ళెవరూ కారు అద్దం వెనుక గంటలు గడిపేవారు కాదు. వీళ్ళకు ఆ ధర న్యాయమే.

స్కూటరు గురించి ఒక హెచ్చరిక. పోలరాయిడ్ ఏదైనా సరే, తడిరోడ్డు మీద మెరుపును తీసేస్తుంది. ఆ మెరుపును చూసే మనం చాలాసార్లు ఇక్కడ నీళ్ళున్నాయి, ఇక్కడ డీజిలు ఒలికింది అని పసిగడతాం. గాజువాక వైపు లారీలు తిరిగే రోడ్ల మీద ఇది చిన్న సంగతి కాదు. వాన పడినప్పుడు ద్విచక్ర వాహనం మీద పోలరాయిడ్ తీసేయమని అందరికీ చెబుతాను. హెల్మెట్ వైజరు వెనుక పోలరాయిడ్ పెట్టుకుంటే ఇంద్రధనుస్సు రంగుల చారలు కనిపిస్తాయి, కార్ల వెనుక అద్దాల్లో గళ్ళు కనిపిస్తాయి. అవి ప్లాస్టిక్‌లో, గాజులో ఉన్న ఒత్తిడి గుర్తులు, మీ లెన్సు లోపం కాదు.

ఎంత నలుపు తీసుకోవాలి అన్నది కూడా చూసుకోవాలి. ఎండ జోళ్ళను వదిలే వెలుగును బట్టి 0 నుంచి 4 వరకు తరగతులుగా విభజిస్తారు. తరగతి 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుగు దాటుతుంది, పగటి బండికి అది చాలు. తరగతి 4 అంటే 3 నుంచి 8 శాతం, దాన్ని బండి నడపడానికి వాడకూడదు. రాత్రి నడపడానికి కనీసం 75 శాతం వెలుగు దాటాలి. ఆరుబయట వాడే కొన్ని ముదురు ఫోటోక్రోమిక్ రకాలు గదిలో కూడా కొద్దిపాటి రంగుతో ఉంటాయి కాబట్టి, రాత్రి ఎక్కువగా నడిపేవారు ఆ అంకెను కూడా అడిగి తెలుసుకోవాలి. వీటిలో ఏ జోడుతోనూ సూర్యుణ్ణి గానీ గ్రహణాన్ని గానీ నేరుగా చూడకూడదు.

ఒకవేళ నా మాట పక్కనపెట్టి ఆ పొరల లెన్సే కొనాలనుకుంటే, తీసుకునే రోజున ఇలా పరీక్షించండి. నీడలో ఉన్నప్పుడు లెన్సులోంచి ఎల్‌సీడీ తెరను చూస్తూ జోడును గుండ్రంగా తిప్పండి. తెర వెలుగు పెద్దగా మారకూడదు. తరువాత ఒక లెన్సులో సగానికి నల్ల కాగితం చుట్టి, రెండు నిమిషాలు ఎండలో ఉంచి, వెంటనే లోపలికి తెచ్చి, కాగితం తీసి మళ్ళీ అదే తెర ముందు తిప్పండి. ఎండ తగిలిన సగంలో తెర ఒక దిశలో మసకబారి, ఇంకో దిశలో వెలగాలి. కాగితం కప్పిన సగంలో ఆ తేడా ఉండకూడదు. రెండు సగాలూ ఒకేలా ఉంటే మీకు ఇచ్చింది మామూలు ఫోటోక్రోమిక్. రెండు లెన్సులూ ఒకే దిశలో మసకబారుతున్నాయా అన్నది కూడా చూడండి, ఎడమ ఒక దిశలో, కుడి ఇంకో దిశలో అయితే ఫిట్టింగు తప్పింది.

ఈ రంగు పదార్థాలకు ఆయుష్షు ఉంటుంది. రోజూ ఎండలో వాడితే రెండు మూడేళ్ళకు నలుపు తగ్గుతుంది, తెల్లబడినప్పుడు లేత పసుపు ఛాయ మిగులుతుంది. అప్పుడు కొత్తవి వేయించుకోవడమే. నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద జోడు వదిలేయడం ఏ కోటింగుకైనా చేటు: లెన్సు ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, పైనున్న గట్టి పూత అంతగా సాగదు, సాలెగూడులాంటి పగుళ్ళు వస్తాయి. సముద్రపు గాలిలో తిరిగాక పొడిగుడ్డతో తుడవకండి, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. కుళాయి కింద పెట్టి, ఒక చుక్క గిన్నెల సబ్బు రాసి, కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి.

మీ ఆర్డరు ఇలా ఉండాలని నా ఉద్దేశం. రోజువారీ జతకు మామూలు ఫోటోక్రోమిక్, బూడిద రంగు, యాంటీ రిఫ్లెక్షన్‌తో. బండికి మీ పవరు, సిలిండరుతో శాశ్వత పోలరాయిడ్, తరగతి 3, మూలలున్న పూర్తి ఫ్రేములో, లెన్సు లోపలివైపు తప్పకుండా యాంటీ రిఫ్లెక్షన్ ఉండాలి. ముదురు లెన్సులో వెనుక నుంచి వచ్చే వెలుగు లోపలివైపు అద్దంలా తగిలి మీ కన్నే మీకు కనిపిస్తుంది, అది ఉంటే ఆ బాధ తప్పుతుంది. రంగు బూడిదా గోధుమా అంటే బీచ్ రోడ్డుకు గోధుమ, ట్రాఫిక్ దీపాల రంగులు అచ్చంగా కనిపించాలనుకుంటే బూడిద. ఆర్డరు చీటీ మీద పవరు, ఆక్సిస్, ‘పోలరాయిడ్ 180’ (అంటే దిశ భూమికి సమాంతరం) అని రాయించుకుని, జోడు ఇచ్చే రోజున లెన్సోమీటరు (పవరు కొలిచే పరికరం) మీద ఆక్సిస్ మీ ముందే చూపించమని అడగండి.